పొట్టేలు మీద పడ్డ మాట

కేన్వెన్ పియూ ఆ రోజు బుట్టలో రొట్టె పెట్టుకుని కోర్టుకి వెళ్ళకపోయి ఉంటే ఇద్వాల్ పారీ జైల్లో పడేవాడు. ఆ తరవాత లాన్‌వేరన్ ఊళ్ళో ఎవరెవరు ఏమేం గొప్పలు చెప్పుకున్నా, అసలు సంగతి ఇదీ.

కేన్వెన్‌ది బేకరీ. మొగుడు పోయాక దుకాణం ఆమె పేర పడింది. దుకాణం ఉన్న పాపానికి జ్యూరీలో కూర్చోమని సర్కారు వారి కబురూ వచ్చి పడింది. పన్నెండుమందిలో ఆడది ఆమె ఒక్కతే. "పిండి కలిపే చేతులు నీవి, న్యాయం ఏం కలుపుతావే!" అని పక్కింటావిడ నవ్వితే, "ఏది కలిపినా ఉండలు కట్టకుండా చూసుకోవడమే కదుటే" అని, ఎండుద్రాక్ష రొట్టె ఒకటీ, చిన్న వెన్నగిన్నె ఒకటీ బుట్టలో పెట్టుకుని బయల్దేరింది. కోర్టులో టీ నీళ్ళు తప్ప ఏమీ పెట్టరని ఎవరో చెప్పారు. పెట్టినా ఇంకో బేకరీ రొట్టె ఆమె ముట్టదు, అది వేరే సంగతి.

యుద్ధం అయిపోయాక వచ్చిన రెండో చలికాలం అది. ఆ ఏడు కురిసినట్టు వేల్స్ కొండల మీద మంచు మళ్ళీ ఎన్నడూ కురవలేదు. గోడలు మునిగిపోయాయి, దారులు మునిగిపోయాయి, నిలబడ్డ గొర్రెలు నిలబడ్డచోటే గడ్డకట్టుకుపోయాయి. ఆ మంచులో ట్రెవర్ హంఫ్రీస్ అనే పెద్ద రైతు పొట్టేలు ఒకటి కనపడకుండా పోయింది. అలాంటి ఇలాంటి పొట్టేలు కాదు, పోటీల్లో బహుమతులు కొట్టుకొచ్చిన పొట్టేలు. మంచు కరిగి కానిస్టేబుల్ కొండెక్కేసరికి అది ఇద్వాల్ పారీ కొట్టంలో, వెచ్చటి గడ్డి మీద పడుకుని నెమరేస్తోంది.

ఇద్వాల్‌కి పాతికేళ్ళు కూడా ఉండవు. అమ్మా నాన్నా లేరు. కొండ కొమ్మున కౌలుకి తీసుకున్న రాళ్ళభూమి, ఓ గొర్రెలమంద, వాణ్ణి పెంచిన నాయనమ్మ. ముసలావిడకి మోకాళ్ళు పనిచెయ్యవు. వీడు జైలుకి పోతే కౌలు పోతుంది, కౌలు పోతే ఆవిడ వీధిన పడుతుంది. కోర్టులో అందరికీ తెలుసు ఆ సంగతి, కానీ జాలి చూపించడానికి కాదు కదా కోర్టు.

జడ్జిగారు లండన్ మనిషి, ఆయనకి వెల్ష్ ఒక్క ముక్క రాదు. బోనులో నిలబడ్డవాడికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇద్వాల్ తరఫున పొద్దున్నే అప్పటికప్పుడు కుదిర్చిన వకీలుకీ వెల్ష్ రాదు. ఇందరి మధ్యా ఒక దుబాసీ. రేవుపట్నం కుర్రాడు, నూనె రాసి నున్నగా దువ్విన తల, నిండా ధీమా.

ముందు కానిస్టేబుల్ లేచి చెప్పాడు. ఈ పొట్టేలు నీ కొట్టంలోకి ఎలా వచ్చిందిరా అని తను అడిగితే, "నేనే దొంగిలించాను" అని వీడు తడుముకోకుండా జవాబిచ్చాడట. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి ఇద్వాల్ వంక చూసి, నిజంగా అలా అన్నావా అని దుబాసీ చేత అడిగించారు.

"అన్నానండి" అన్నాడు ఇద్వాల్. "ఇప్పుడూ అంటాను. నేనే దుయిన్ చేశాను. ఈ భుజాల మీదే."

"అవును, ఇప్పుడూ అంటాను. నేనే దొంగిలించాను, ఈ భుజాల మీదే" అని దుబాసీ ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు.

కోర్టంతా కలకలం రేగింది. వెనక బెంచీలోంచి నల్ల టోపీ పెట్టుకున్న ముసలావిడ కర్ర పట్టుకుని లేవబోయి, "అయ్యో, వాడన్నది ఆ మాట కాదు! ఆ మాట కాదయ్యా!" అని వెల్ష్‌లో అరిచింది. ఇద్వాల్ నాయనమ్మ. వయసులో ఉండగా ఇంగ్లీషు దొరల ఇంట్లో పనిచేసింది ఆవిడ. వెండి చెంచా కనపడనప్పుడల్లా వాళ్ళ నోట విన్న 'దొంగతనం' అనే ఇంగ్లీషు మాట ఆవిడకి జన్మలో మరుపు రాదు. ఎవరు విన్నారు! బంట్రోతు రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

'ఆ మాటే కదమ్మా అన్నాడు, మేమూ విన్నాం' అనుకుంది కేన్వెన్. దుయిన్ చేశానంటే మరేమిటి? ఊళ్ళో ఎవడి సైకిలు పోయినా, ఎవరి కోడిపెట్ట పోయినా ఎవడు దుయిన్ చేశాడనే కదా అరుచుకునేది! వాడి మొహం చూస్తే దొంగమొహంలా లేదు. కానీ మొహాలు చూసి తీర్పులు చెప్పమని ఆమెనెవరూ పిలవలేదు.

తరవాత సర్కారు వకీలు లేచాడు. "మంచు కరిగాక ఆదివారం నాడు నువ్వు ప్రార్థన మందిరానికి వెళ్ళావు. ముందు బెంచీలో హంఫ్రీస్ కూర్చుని ఉన్నాడు. నీ పొట్టేలు నా దగ్గరుందని ఎందుకు చెప్పలేదు?"

ఇద్వాల్ తెల్లబోయాడు. "ఆదివారం కదండీ!"

ఇంగ్లీషు వకీళ్ళిద్దరూ పకపకా నవ్వారు. జడ్జిగారి మీసం కూడా కదిలింది.

ఇద్వాల్ వకీలు పాపం తన శక్తికొద్దీ ఏదో చేశాడు. మంచివాడని చూపించడానికి వాళ్ళ నాన్న జబ్బు గురించీ, చావు గురించీ, శవపెట్టె కొండ దించడం గురించీ అడిగాడు. ఆ సమయంలో కేన్వెన్ బుద్ధి బేకరీకి పోయింది, పొయ్యి మూత సరిగ్గా పెట్టిందా లేదా అని. ఆ ముక్కలు ఆమె చెవిన పడలేదు.

చివర్న జడ్జిగారు జ్యూరీ వైపు తిరిగి, "మీలో చాలామందికి వెల్ష్ వచ్చునని నాకు తెలుసు. అయినా సరే, దుబాసీ చెప్పిన ఇంగ్లీషే సాక్ష్యం. మీ చెవుల్లో పడిన వెల్ష్ సాక్ష్యం కాదు. పన్నెండుమందీ ఒక్క మాట మీదికి రావాలి" అని పంపించారు.

జ్యూరీ గదిలో పొడుగాటి బల్ల, పన్నెండు కుర్చీలు, మూలన టీ కెటిల్. జ్యూరీ పెద్ద మోరిస్ రోలండ్స్. బట్టల కొట్టు ఆయనది, మందిరంలో పెద్ద కూడా. ఏ మాటన్నా ముందు గొంతు సవరించుకుంటే గాని బయటికి రాదు ఆయనకి. ఆయన గొంతు సవరించుకునే లోపలే ఎబెన్ ట్యూడర్ అందుకున్నాడు. పశువుల బేరగాడు, నోరు పెద్దది.

"ఇంకా కూర్చోవడం దేనికండీ? వాడే ఒప్పేసుకున్నాడు. ఒకసారి పోలీసుకి, ఒకసారి జడ్జికి. మూడోసారి మనకి కూడా చెప్పాలా? చేతులెత్తండి, నాకు సంతలో పనుంది."

చేతులు లేచాయి. నెడ్ గ్రిఫిత్ అని శవపెట్టెలు చేసే వడ్రంగి ఒకడున్నాడు, సగం చెవుడు. అందరూ ఎత్తారు కదా అని అతనూ ఎత్తాడు. కేన్వెన్ కూడా ఎత్తింది. చెయ్యి రాయిలా బరువెక్కింది గాని, ఎత్తింది. వింది కదా మరి.

"అయితే అందరం ఒక్కటే" అన్నాడు రోలండ్స్ లేస్తూ. "పదండి."

"ఉండండుండండి" అంది కేన్వెన్. "రొట్టె తెచ్చాను. ఒక మనిషిని జైలుకి పంపుతూ ఖాళీ కడుపుతో వెళ్తామా? కూర్చోండి."

"తీర్పు చెప్పాక తిందాంలేవమ్మా" అన్నాడు ఎబెన్.

"తీర్పు చెప్పాక నీకు గొంతు దిగుతుందేమో, నాకు దిగదు. పైగా ఈ రొట్టె నేను ఇంటికి తిరిగి మోసుకెళ్ళను. కూర్చో."

రొట్టె మీద గుడ్డ తియ్యగానే గదంతా దాల్చినచెక్క వాసన కమ్ముకుంది. ఎబెన్‌ కూడా కూర్చున్నాడు. కేన్వెన్ ముక్కలు కోసి, మందంగా వెన్న రాసి అందరికీ పంచింది. కానీ రోలండ్స్ ఉన్న బల్ల దగ్గర ప్రార్థన కాకుండా ఎవరైనా కొరుకుతారా! పన్నెండు తలలూ వంగాయి. ఆయన గొంతు సవరించుకుని, మందిరంలో చేసినట్టే రాగం తీస్తూ మొదలుపెట్టాడు.

"దయగల తండ్రీ, మా దోషములను సహించువాడా, మా భారములనెల్లప్పుడు దుయిన్ చేయువాడా..."

కేన్వెన్ కళ్ళు తెరుచుకున్నాయి.

ఎన్నేళ్ళుగా వింటోంది ఆ ప్రార్థన! పుట్టిన దగ్గర్నుంచీ వింటోంది. ఆ మాట ఎప్పుడూ చెవిలో పడుతూనే ఉంది, ఎప్పుడూ ఇలా తగల్లేదు. ప్రార్థన అయ్యేదాకా పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. ఆమేన్ అనడమే ఆలస్యం, బల్ల మీద చేత్తో ఒక్క చరుపు చరిచింది. కప్పులన్నీ ఎగిరిపడ్డాయి.

"రోలండ్స్ గారూ! దేవుణ్ణి దొంగని చేశారేమిటండీ మీరు?"

రోలండ్స్ నోట్లో పెట్టుకోబోతున్న రొట్టె అక్కడే ఆగిపోయింది. "నేనా? ఎంత మాటన్నావమ్మా! ఎప్పుడు చేశాను?"

"ఇప్పుడే. మా భారాల్ని దుయిన్ చేసేవాడా అన్నారు. మా మూటలు ఎత్తుకుపోయేవాడా అనా?"

"అయ్యో దేవుడా! దుయిన్ చెయ్యడమంటే మోయడం! మా బరువులు మోసేవాడా అని. పుస్తకంలో మాట అది. మందిరంలో పసిపిల్లలకి కూడా తెలుసు."

"అదే నేనూ అంటున్నాను" అంది కేన్వెన్. "పొట్టేలు ఎలా వచ్చిందిరా అంటే ఆ కుర్రాడు ఏమన్నాడు? నేనే దుయిన్ చేశాను, ఈ భుజాల మీదే. మోశానన్నాడండీ. మంచులో ఇరుక్కున్న దాన్ని భుజాన వేసుకుని మోసుకొచ్చానన్నాడు. మనం ఇక్కడ కూర్చుని చేతులెత్తాం!"

సగం కొరికిన ముక్కలు బల్ల మీదికి దిగాయి.

ముందుగా తేరుకున్నది ఎబెనే. "బావుందమ్మా! అది మందిరం మాట. బజార్లో ఆ మాటకి అర్థం దొంగతనమే. వాడేమన్నా పాస్టరా, పుస్తకంలో మాటలు మాట్లాడటానికి?"

"బజారు ఎక్కడుందయ్యా ఆ కొండ మీద? వాడు మాట్లాడింది గొర్రెలతో, నాయనమ్మతో. ఆవిడ వాడికి నేర్పింది పుస్తకం ఒక్కటే. 'ఆ మాట కాదు' అని ఆవిడ మొత్తుకుంటే వాడే కదా అన్నాడు అనుకున్నాను నేను. ఆవిడ అరిచింది దుబాసీ మాట గురించి."

"సరే, మోశాడే అనుకో. ఎవరి కోసం మోశాడు? తన కోసమే మోసుంటే?" ఎబెన్ వేలు ఆడించాడు. "ఆదివారం నాడు హంఫ్రీస్ ఎదురుగుండా కూర్చున్నాడు. ఒక్క ముక్క చెప్పాడా? ఆదివారం కదండీ అట! ఆదివారమైతే నాలిక పడిపోయిందా?"

ఇది గట్టి ముక్క. బల్ల చుట్టూ నాలుగైదు తలలు ఊగాయి. కేన్వెన్ ఎబెన్ వంక తేరిపార చూసి, మెల్లిగా ఇంకో రొట్టెముక్క అతని ముందుకి జరిపింది.

"ఎబెన్, కిందటేడు నీ ఎద్దు తాడు తెంపుకుని మా పెరట్లోకి వచ్చింది, గుర్తుందా?"

"ఉండకేం? నీ పిండి బస్తా చింపి సగం బొక్కింది. మొహమంతా తెల్లగా, పెళ్ళికొడుకులా..."

"ఏ రోజు వచ్చిందది?"

"ఆదివారం పొద్దున."

"ఆ పొద్దున మందిరంలో మనిద్దరం ఒకే బెంచీలో కూర్చున్నాం. ఒకే పుస్తకంలో చూసి పాడాం. నీ ఎద్దు నా పెరట్లో కట్టేసి ఉందని నీతో చెప్పానా?"

"లేదు. సోమవారం పొద్దున్నే వచ్చి నా గుమ్మం ముందు నిలబడి ఊరంతా వినేలా తిట్టావుగా."

"ఆదివారమే ఎందుకు తిట్టలేదంటావు?"

"ఎందుకేమిటి, ఆదివారం నాడు గొడ్ల సంగతులు ఎవరన్నా..." అని ఎబెన్ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది.

బల్ల చుట్టూ నవ్వులు పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగాయి. రోలండ్స్ రుమాలుతో నోరు మూసుకున్నాడు. ఆదివారం నాడు బేరాల మాట, పశువుల మాట ఎత్తడం వాళ్ళలో ఎవరింటా లేదు. ఇంగ్లీషు వకీళ్ళు నవ్వినప్పుడు వీళ్ళెవరూ ఎందుకు నవ్వలేదో అప్పుడు తెలిసొచ్చింది వాళ్ళకి. కానిస్టేబుల్ కొండెక్కింది ఆ మర్నాటి సోమవారం పొద్దున్నే. కుర్రాడికి చెప్పే వ్యవధి ఎక్కడిది?

"ముద్ర కూడా చెరపలేదు" అని బల్ల చివర్నుంచి ఎవరో అన్నారు. "హంఫ్రీస్ తన గొర్రెలకి వేసే ఎర్ర ముద్ర దాని వీపున అలాగే ఉందిట. దొంగైతే ఉంచుతాడా?"

ఎబెన్ ఇంకా లొంగలేదు. ఓడిపోవడం అలవాటు లేని మనిషి. "అన్నీ నిజమే కావచ్చు. కానీ జడ్జి ఏం చెప్పాడు? దుబాసీ ఇంగ్లీషే సాక్ష్యం. దుబాసీ దొంగతనం అన్నాడు. మన వెల్ష్ చెవులు ఇంట్లో పెట్టి రావాలిట. ఆయన మాట కాదని తీర్పు చెప్తారా?"

ఈ అడ్డంకి దగ్గర కేన్వెన్‌కీ ఏమీ తోచలేదు. నిజమే కదా. జడ్జిగారి ముందు ప్రమాణం చేసి కూర్చున్నారు. వెన్న కత్తి చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

అప్పుడు నెడ్ గ్రిఫిత్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమిటీ, దుయిన్ మాటా?" అన్నాడు. "పెట్టె గురించి చెప్పాడే, అదేనా?"

"ఏ పెట్టె?"

"వాళ్ళ నాన్న శవపెట్టె. నాన్న పెట్టెని మేం నలుగురం కొండ దాకా... కాదు, కొండ కిందిదాకా దుయిన్ చేశాం అన్నాడు. దుబాసీ చక్కగా 'మోశాం' అన్నాడు ఇంగ్లీషులో."

కేన్వెన్ కత్తి కింద పడేసింది. ఆమె పొయ్యి మూత గురించి ఆలోచిస్తున్న క్షణం అది!

"నిజంగా విన్నావా?" అన్నాడు ఎబెన్. "నీ పక్కన పిడుగు పడ్డా వినపడదు నీకు."

"పిడుగుతో నాకేం పని? పెట్టె మాట ఊరవతల అన్నా వినపడుద్ది నాకు. నా కూడు అదే."

"నీ చెవిని నమ్ముకుని నేను తీర్పు చెప్పను. ఆ దుబాసీ నోటితో ఒప్పుకోమను, నేనూ ఒప్పుకుంటా."

"ఆ మాట మీద ఉంటావా?" అంది కేన్వెన్.

"ఉంటా."

"అయితే లేవండి రోలండ్స్ గారూ. అడుగుదాం."

మళ్ళీ కోర్టులోకి వెళ్ళారు. ఇద్వాల్ బోనులో కొయ్యబారి నిలబడి ఉన్నాడు. అంత తొందరగా వచ్చారంటే పని అయిపోయిందనుకున్నాడు కాబోలు, వెనక బెంచీల్లో నాయనమ్మ కోసం వెతుక్కున్నాడు. రోలండ్స్ లేచి గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు. ముద్దాయి అన్న ఒక మాట గురించి అడగాలండీ అని ఎలాగో అన్నాడు.

జడ్జిగారి కనుబొమలు ముడిపడ్డాయి. "వెల్ష్ మాటల జోలికి పోవద్దని చెప్పాను కదా?"

రోలండ్స్ మళ్ళీ గొంతు సవరించుకోవడంలో పడ్డాడు. కేన్వెన్ ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడింది. ఆమె ఇంగ్లీషు దుకాణంలో రొట్టెలమ్మే ఇంగ్లీషు, అంతకంటే లేదు. ఉన్నదాంతోనే చెప్పింది.

"దొరవారూ, మీరు చెప్పినట్టే దుబాసీ మాటే పట్టుకున్నామండి. ఆ దుబాసీ మాటలే రెండున్నాయి. ఈ అబ్బాయి ఒకే మాట రెండుసార్లన్నాడు. పొట్టేలు దగ్గర దొంగిలించాడని చెప్పాడు దుబాసీ. నాన్నగారి శవపెట్టె దగ్గర మోశాడని చెప్పాడు. రెంటిలో ఏది పట్టుకోమంటారు?"

జడ్జిగారు కలం కింద పెట్టి, దుబాసీ వైపు తిరిగారు.

"శవపెట్టె గురించి ముద్దాయి వాడిన మాట ఏది?"

దుబాసీ చెవులు ఎర్రబడ్డాయి. "దుయిన్ అండి."

"పొట్టేలు గురించి?"

దుబాసీ బూట్ల వంక చూసుకున్నాడు. "అదేనండి. దుయిన్."

"అంటే ఇతను తన తండ్రి శవపెట్టెని దొంగిలించాడా?"

"లేదండి. ఆ మాటకి మోయడమనే అర్థం కూడా ఉందండి. పాతకాలపు వాడుక. నాకు... నాకు తోచలేదండి."

కోర్టు ఒక్కసారి ఘొల్లుమంది. జడ్జిగారు బల్ల కొట్టారు గాని, గట్టిగా కొట్టలేదు. జ్యూరీ ఉన్నచోటే తలలు దగ్గర పెట్టుకున్నారు. పదకొండు జతల కళ్ళు ఎబెన్ మీదే.

"నా వంక చూస్తారేం?" అన్నాడు ఎబెన్ గుసగుసగా. "మాట మీద ఉంటానన్నాగా. వదిలెయ్యండి కుర్రాణ్ణి. ఆ ఎద్దు సంగతి మాత్రం బయట చెప్పకు కేన్వెన్."

రోలండ్స్ నిటారుగా లేచాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. ఉత్సాహం పట్టలేక తీర్పు వెల్ష్‌లో చెప్పేశాడు. బోనులో ఇద్వాల్ నేరుగా తన చెవులతో విన్నాడు. కమ్మీ మీద వాలిపోయాడు. జడ్జిగారు దుబాసీ వంక చూశారు. కుర్రాడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చాలా జాగ్రత్తగా, "నిర్దోషి" అని ఇంగ్లీషులో చెప్పాడు.

బయట మెట్ల మీద కూర్చుని ఉంది నాయనమ్మ. జనం అరుపులు వినగానే సంగతి ఆవిడకి తెలిసిపోయింది, అయినా మనవడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసేదాకా నమ్మలేదు. కేన్వెన్ బుట్టలో మిగిలిన రొట్టె తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఇంతలో హంఫ్రీస్ మెట్లు దిగుతూ, మొహం చాటేసుకుని పోబోయాడు. ఇద్వాల్ టోపీ తీసి అడ్డంగా నిలబడ్డాడు.

"హంఫ్రీస్ గారూ, ఇవాళ ఆదివారం కాదు కదండీ, చెప్పొచ్చు. మీ పొట్టేలు ఎడమ ముందుకాలికి మంచు దెబ్బ తగిలింది. రాత్రిపూట గుడ్డ చుట్టి ఉంచండి. నేను అలాగే ఉంచేవాణ్ణి."

హంఫ్రీస్ ఎర్రగా కందిపోయి, తటపటాయించి, చివరికి చెయ్యి చాచాడు. ఇద్వాల్ పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు టోపీలు ఎగరేశారు.

నాయనమ్మ కర్ర పట్టుకుని లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. ఇద్వాల్ ఆవిడ ముందు వంగి కూర్చున్నాడు. పొట్టేలుని మోసిన భుజాల మీదికే ఆవిణ్ణి ఎక్కించుకుని లేచాడు. నల్ల టోపీ పక్కకి ఒరిగిపోయింది ఆవిడకి. అక్కడ గుమ్మం దగ్గర కానిస్టేబుల్ బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు. ముసలావిడ మనవడి వీపు మీదనుంచే కర్ర అతని వైపు ఎత్తి, వీధి వీధంతా వినేలా కేకేసింది.

"చూస్తావేమయ్యా పోలీసూ! వీడు నన్ను దుయిన్ చేసుకుపోతున్నాడు! పట్టుకో!"